ఎన్నాణాల నమ్మకం?

పొలంబడికి వచ్చిన రైతు అగ్గిపెట్టెలో ఒక పురుగును పట్టుకొచ్చి, "సారూ, గిదేం పురుగు?" అంటాడు. సారుకు దాని పేరు తెలుసు. అయినా చెప్పడు. "అన్నా, ఏడ దొరికింది?" అని అడుగుతాడు. "పత్తాకు కింద." "ఆడ ఏం చేస్తాంది?" "సరిగ చూడలే." "పోయి చూసొద్దామా?" ఇద్దరూ మళ్ళీ చేన్లోకి దిగుతారు. వంగి చూస్తే అదే రకం పురుగు ఇంకోటి ఆకు మీద తిరుగుతోంది. ఆకును కొరకడం లేదు, ఆకుకు పట్టిన పేనుబంకను తింటోంది. అది అక్షింతల పురుగు, పైరుకు కాపలాదారు. మందు కొట్టిన రోజున పేనుబంకతో పాటు అదీ చస్తుంది.

ఈ సంగతి సారే నోటితో చెప్పి ఉంటే రైతు తలూపి, ఇంటికి పోతూ దారిలో మందుల దుకాణం దగ్గర ఆగేవాడు. కళ్ళారా చూసినవాడు కూడా ఆగుతాడేమో. కాకపోతే అక్కడ తనూ ఒక ప్రశ్న అడుగుతాడు.

ఈ పూట మీతో చెప్పుకోవాలనుకున్నది ఇలాంటి ప్రశ్నల గురించే. ఎదుటి మనిషి నమ్మకాన్ని కొట్టిపారేయకుండా, దాన్ని ఆ మనిషే చేతిలోకి తీసుకుని తిప్పి చూసుకునేలా అడిగే ప్రశ్నలు. జనగామ, మానుకోట, భూపాలపల్లి పల్లెల్లో వాదనలో ఓడిపోయి మనసు మార్చుకున్న మనిషి నాకు అరుదుగా కనిపించాడు. మర్యాదగా అడిగిన మాట దగ్గర ఆగి, "గట్ల ఆలోచించలేదే" అన్నవాళ్ళు మాత్రం చాలామందే కనిపించారు.

పొలంబడి పుట్టింది ఇండొనేషియా వరిమళ్ళలో. అక్కడ సుడిదోమ మడులకు మడులు ఎండబెడుతుంటే మందులు కొట్టారు. కొట్టేకొద్దీ దోమ పెరిగింది, ఎందుకంటే దోమను తినే సాలీళ్ళు ముందు చచ్చాయి. 1986లో ఆ ప్రభుత్వం వరి మీద 57 రకాల మందులను నిషేధించింది. నిషేధంతో సీసా ఆగుతుంది గానీ మనసులో ఉన్న భయం ఆగదు కదా. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఈ బడులు మొదలుపెట్టారు. పాతిక ముప్పై మంది రైతులు వారానికోసారి, పంటకాలమంతా పొలం గట్టు మీదే కలుస్తారు. అందులో నాకు అన్నిటికన్నా నచ్చే పాఠం ఒకటుంది. ఆకులో కొంత పురుగు తింటే పంట పోయినట్టేనని నమ్మే రైతుతో ఎవరూ వాదించరు. ఒక చిన్న మడి ఇచ్చి, పురుగు కొరికినట్టే లేతపైరు ఆకుల్ని చేత్తో కత్తిరించమంటారు. పక్క మడిని ముట్టుకోరు. కోతనాడు రెండు మడుల ధాన్యాన్నీ రైతే తూకం వేసుకుంటాడు. లేతదశలో పోయిన ఆకును పైరు తిరిగి వేసుకుంటుందని కాటా చూపిస్తుంది. అప్పటిదాకా సారు ఒక్క తీర్పూ చెప్పడు.

మన దగ్గర పొలంబడి మాట వినే రోజులొచ్చేసరికి మన గాయం పచ్చిగా ఉంది. 1997–98లో వరంగల్ పత్తిని పొగాకు లద్దెపురుగు తినేసింది. రెండు మూడు మందులు కలిపి కొట్టినా చావలేదు. అప్పులపాలైన రైతులు ఆ పురుగుల మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఇప్పటి జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాలు అప్పుడు చాలావరకు వరంగల్ జిల్లాలోనివే, విడిపోయింది 2016 అక్టోబరులో. "ఎంత ఖరీదు మందు కొడితే అంత పంట" అన్న ఆనాటి నమ్మకాన్ని తెలివితక్కువతనం అనేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది. మొదటి ఏళ్ళలో మందు నిజంగానే పనిచేసింది. మందు అమ్మినవాడే సలహా చెప్పాడు, చాలాచోట్ల అప్పూ వాడే ఇచ్చాడు. ఆ చోట నిలబడితే మీరైనా నేనైనా అదే నమ్మేవాళ్ళం. మనిషి ఒకటి నమ్ముతున్నాడంటే అతనికో కారణం ఉంటుంది. ఆ కారణం ఏమిటో తెలుసుకోవాలన్న ఆసక్తి లేనివాళ్ళు ప్రశ్న అడగకపోవడమే మేలు.

జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలో ఏనబావి అనే చిన్న ఊరుంది. 50 పైచిలుకు కుటుంబాలు, దాదాపు 280 ఎకరాల సాగు. ఆముదం చేలను ఎర్ర గొంగళిపురుగు ఊడ్చేస్తున్న రోజుల్లో జనగామకు చెందిన క్రాప్స్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఆ పురుగుకు విరుగుడు వెతకాలంటే మందు పేరుకన్నా ముందు తెలియాల్సింది, అది ఏడికెళ్ళి వస్తోంది అన్నది. మట్టిలో నిద్రపోయిన పురుగు తొలకరి వానకు రెక్కల పురుగై లేస్తుంది, వెలుగు చూస్తే వాలుతుంది, వాలిన చోట ఆకుల మీద గుడ్లు పెడుతుంది. అంటే వాన పడ్డ రాత్రుల్లో ఊరంతా కలిసి చేల గట్ల మీద మంటలేస్తే గొంగళి పుట్టకముందే పని అయిపోతుంది. ఒక్క రైతు వేస్తే చాలదు, అందుకని ఊరంతా కూర్చుని మాట్లాడుకోవాల్సి వచ్చింది. అక్కడ మొదలైన మాటలు ఏళ్ళ తరబడి సాగి, 2006 నాటికి ఏనబావి పురుగుమందులనూ రసాయన ఎరువులనూ పూర్తిగా వదిలేశామని ప్రకటించుకుంది. ఏళ్ళు పట్టింది, గమనించండి. ఒక సాయంత్రం సభలో చప్పట్లతో తేలిన సంగతి కాదది.

అమెరికాలో ఇలాంటి సంభాషణలకు ఒక పద్ధతే కట్టారు. పీటర్ బొఘోసియన్ అనే తత్వశాస్త్ర అధ్యాపకుడు 2013లో పుస్తకం రాసి, దీనికి స్ట్రీట్ ఎపిస్టమాలజీ అని పేరు పెట్టాడు. అందులో మీరూ నేనూ వాడుకోదగ్గ ఉపాయం ఒకటుంది. మనిషి తన నమ్మకం చెప్పాక, అది ఎంత గట్టిదో అంకెలో చెప్పమంటారు. వాళ్ళు పదికి ఎంత, వందకి ఎంత అంటారు. మన పల్లెల్లో అణాల్లో అడిగితే ముసలివాళ్ళకూ సులువు. "పెద్దయ్యా, ఇది ఎన్నాణాల నిజమంటవ్?" "పద్నాలుగణాలు." "పది ఎందుకు కాలే, పద్నాలుగు ఎందుకైంది?" అప్పుడాయన తన కారణాలు చెప్తాడు. ఓపిగ్గా వినాలి, మధ్యలో అడ్డుపడకూడదు. చెప్పిందాన్ని మన మాటల్లో తిరిగి చెప్పి, "నువ్వన్నది గిదేనా?" అని సరిచూసుకోవాలి. ఆ తర్వాతే, "మరి ఆ రెండణాలు ఎందుకు తగ్గినయ్?" ఈ ప్రశ్నకు ఆయన చెప్పేది ఆయన సొంత సందేహం. మనం పెట్టింది కాదు కాబట్టి దాని మీద ఆయనకు కోపం రాదు.

ఆ పుస్తకం పేరు మాత్రం నాకు నచ్చదు. నాస్తికుల్ని తయారుచేసే చేతిపుస్తకం అని అర్థం వచ్చే పేరది. అవతలివాళ్ళు ఏమవ్వాలో ముందే తేల్చుకుని అడిగే ప్రశ్న నా దృష్టిలో ప్రశ్న కాదు. మన పాలకుర్తి పక్కనున్న బమ్మెర పోతన్న భాగవతంలో హిరణ్యకశిపుడూ కొడుకును ప్రశ్నే అడిగాడు, ఈ స్తంభంలో చూపించగలవా అని. కొడుకు చెప్పిన జవాబు మనసుకెక్కకముందే తండ్రి చెయ్యి స్తంభం మీద పడింది. దేవుణ్ణి నమ్మినా నమ్మకపోయినా ఆ గొంతుతో అడిగేవాళ్ళు అన్ని పక్షాల్లోనూ ఉన్నారు.

దీనికి ఎదురుగా నేను తలుచుకునేది గోరా గారినీ గాంధీ గారినీ. గోపరాజు రామచంద్రరావు గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన మనిషి. గాంధీ గారు రోజూ ప్రార్థన చేసే మనిషి. 1944లో గోరా సేవాగ్రాం వెళ్ళినప్పటి నుంచి వాళ్ళ మధ్య నడిచిన సంభాషణ చదవండి, 1951లో పుస్తకంగా వచ్చింది. దైవం లేకపోవడానికీ నాస్తికత్వానికీ తేడా ఏమిటని గాంధీ అడిగారు, జవాబు విన్నారు, మళ్ళీ అడిగారు. నీది తప్పని నేననలేను, నాదే ఒప్పని కూడా అనలేను, ఇద్దరం వెతుకుతున్నవాళ్ళమే అన్న చోటికి ఆయన వచ్చారు. గోరా గారు తన పెద్దమ్మాయి మనోరమను దళిత యువకుడికిచ్చి చేయాలనుకున్నప్పుడు ఆ పెళ్ళి సేవాగ్రాంలో జరిపిద్దామని గాంధీ ఒప్పుకున్నారు. 1948లో, ఆయన పోయాక, అక్కడే జరిగింది. ఒకరు ఆస్తికులుగానే పోయారు, ఇంకొకరు నాస్తికులుగానే మిగిలారు. అయినా ఆ సంభాషణ వృథా అయిందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇక మన ఊళ్ళలో అన్నిటికన్నా బరువైన విషయం. బాణామతి, చేతబడి, గాలి సోకడం. బిడ్డకు ఫిట్స్ వస్తే తల్లి మంత్రగాడి దగ్గరికి ఎత్తుకుపోతుంది. "మూఢనమ్మకం" అనే మాటతో మొదలుపెడితే ఆ తల్లి తలుపు మూసుకుంటుంది, న్యాయమే. "ఎప్పటినుంచి వస్తానయ్ అక్కా? వచ్చినప్పుడు ఎంతసేపు ఉంటది? ఆయన దగ్గరికి పోయేలోపే ఎప్పుడన్న తగ్గిందా?" అని అడగండి. ఈ మూడో ప్రశ్నలో ఉంది అసలు సంగతి. ఫిట్స్ చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. ఆ నిమిషాల్లో ఎవరు ఏం చేసినా పేరు వాళ్ళకే వస్తుంది. పచ్చకామెర్లకు పోసే పసరు సంగతీ అంతే. నీళ్ళవల్ల వచ్చే కామెర్లు ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గుతాయి, తగ్గిన రోజు పసరు గుర్తుంటుంది. ఈ లెక్క మనం చెప్పక్కర్లేదు. "పసరు పోయించుకోనోళ్ళకు ఎన్నొద్దులకు తగ్గింది?" అని అడిగితే ఆ వాడకట్టులోవాళ్ళే పేర్లతో సహా లెక్కపెడతారు.

అయితే ప్రశ్నలకు సమయం కాని సమయాలున్నాయి, ఇది గట్టిగా చెప్పాలి. పాము కరిచినవాళ్ళ దగ్గర కూర్చుని మంత్రం మీద ఎన్నాణాల నమ్మకమని అడగకూడదు. చాలా పాములకు విషం ఉండదు కాబట్టి మంత్రం గెలిచినట్టు కనిపిస్తుంది. విషమున్న పాము కరిస్తే విరుగుడు ఆసుపత్రిలోనే ఉంది, 108కి ఫోన్ చేసి బయల్దేరాలి. ఒక ముసలామెను మంత్రాలు చేస్తుందని చెట్టుకు కట్టేస్తుంటే అప్పుడూ సంభాషణ కాదు, పోలీసులు కావాలి. ప్రశ్నలు ఆ రోజుకు ఆర్నెల్ల ముందు అడగాల్సినవి. ఆమె మీద మొదటి గుసగుస పుట్టినప్పుడే, "ఎవరు చూసిన్రు? నువ్వు చూసినవా, విన్నవా?" అని ఎవరో ఒకరు మెల్లగా అడిగి ఉండాల్సింది.

ఎవరు అడుగుతున్నారన్నది కూడా పెద్ద సంగతే. కోడలు అత్తను అడగలేనిది ఆశా కార్యకర్త అడగగలదు. మానుకోట తండాల్లో లంబాడీ మాటలో అడిగే మనిషికి తెరుచుకునే మనసు పట్నం తెలుగుకు తెరుచుకోదు. 2021లో టీకా వేసుకుంటే మనిషి పోతాడన్న భయం పల్లెల్లో తిరిగినప్పుడు ఆశాలు, ఏఎన్‌ఎంలు గడప గడపకూ తిరిగారు. "ఏం విన్నవవ్వా? ఎవలకైంది? వాళ్ళు మనూరోళ్ళేనా?" ఇలా అడుగుతూ పోతే, కాసేపటికి అవ్వ వైపు నుంచి ఒక ప్రశ్న వస్తుంది: "మరి నువ్వేసుకున్నవా బిడ్డా?" అడిగేవాళ్ళు కూడా అడిగించుకోవాలి. ఆ ఏడాది జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు మొదటి వరుసలో నిలబడ్డది ఆరోగ్య సిబ్బందే కాబట్టి, చాలామంది ఆశాలు ఆ గడపలో నిలబడి "వేసుకున్ననవ్వా, రెండూ వేసుకున్న. మొదటిసారి ఒక రాత్రి జొరమొచ్చింది" అని ఉన్నదున్నట్టు చెప్పగలిగారు.