ఇరవై నిమిషాల లెక్క

జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర అంటే మా చుట్టుపక్కల రైతులకు రథోత్సవం ఎంతో, బండలాగుడు పోటీలూ అంతే. మా నాన్న ఆదోని పత్తి మార్కెట్టు వదిలి కదలలేడు కాబట్టి నన్ను మేనమామ వెంట పంపేవాడు. మామకు ఎమ్మిగనూరు పక్క పల్లెలో నల్లరేగడి చేను ఉండేది, పందేలకని పెంచిన ఒంగోలు గిత్తల జత ఉండేది. ఏ జత ఎన్ని అడుగులు లాగిందో ఐదు నిమిషాలకోసారి నోటుబుక్కులో రాయడం నా పని.

పోటీకి గడువు 20 నిమిషాలు. కాడికి కట్టిన బండను బరి ఈ కొస నుంచి ఆ కొసకు లాగాలి, జతను మళ్లించుకుని తిరిగి ఇటు లాగాలి. గడువులోపల ఎక్కువ అడుగులు లాగిన జతకే మొదటి బహుమతి. గిత్తల పళ్లను బట్టి విభాగాలు, విభాగాన్ని బట్టి బండ బరువు.

ఒక ఏడాది మాకంటే ముందు దిగిన జత దుమ్ము లేపింది. మొదటి ఐదు నిమిషాలకు 1,400 అడుగులు. మైకులో ఆ అంకె వినగానే ఈలలు, కేకలు. ఐదున్నర వేలు ఖాయమని నా పక్కనున్న పెద్దమనిషి తేల్చేశాడు. మామ మాత్రం బరి కొసన మలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆయన గిత్తల కాళ్లు చూడలేదు, డొక్కలు చూస్తున్నాడు. ఎడమ గిత్త డొక్క కొలిమి తిత్తిలా ఎగిసిపడుతోంది, మూతి నుంచి నురగ తీగలుగా సాగుతోంది. మళ్లించాక బండను మొదటి జానెడు కదిలించడానికి అంతకు ముందు మలుపులో కంటే ఎక్కువసేపు పట్టింది.

"రాసుకో అల్లుడా, ఇది నాలుగు వేలు దాటదు" అన్నాడు మామ.

నా బుక్కులో పది నిమిషాలకు 2,500, పదిహేనుకు 3,350, గడువు ముగిసేసరికి 4,000కు కాస్త తక్కువ పడింది.

మా జత దిగినప్పుడు మామ తోలిన తీరు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. చెర్నాకోల చంకలో పెట్టుకుని, గిత్తలు ఉరుకుతామన్నా పగ్గం బిగించి పట్టాడు. మొదటి ఐదు నిమిషాలకు 1,100 అడుగులే. "ఏం తోలుడయ్యా ఇది!" అని జనంలోంచి కేకలు. ఆయన తల తిప్పలేదు. మలుపుల మధ్య బండ ఎక్కడా ఆగకూడదన్నదే ఆయన పట్టుదల. ఆగిన బండను కదిలించడానికి, కదిలే బండను సాగించడానికి పట్టే దానికంటే ఎక్కువ బలం కావాలి. అందుకే మలుపు దగ్గర తొందరపెట్టేవాడు కాదు, మధ్యలో మాత్రం నిలవనిచ్చేవాడు కాదు. పదికి 2,200, పదిహేనుకు 3,250. చివరి ఐదు నిమిషాల్లో పగ్గం వదులు చేశాడు. మొత్తం 4,300 దాటింది. గిత్తల మెడలు నిమురుతూ ఆయన ఏడవడం నేను చూశాను.

మామ పోయిన చాలా ఏళ్లకు, బెంగళూరులో చదువుకుంటున్న ఆయన మనవడు, పడవ తెడ్డు వేసినట్టు యంత్రం మీద లాగే ఇండోర్ రోయింగ్ పోటీకి నన్ను తీసుకెళ్లాడు. అమెరికాలో 1981లో కాన్సెప్ట్‌2 కంపెనీ తెచ్చిన యంత్రం ఈ ఆటకు ఊపు తెచ్చింది. కదిలే సీటు మీద కూర్చుని, గొలుసుకున్న పిడిని కాళ్ల బలంతో లాగాలి. పోటీ దూరం 2,000 మీటర్లు. 500 మీటర్లకు ఎంత సమయం పడుతుందో ప్రతి లాగుకూ తెర మీద కనిపిస్తుంది.

అతను సాధనలో 5,000 మీటర్లను 20 నిమిషాల్లో, అంటే 500కు రెండు నిమిషాల చొప్పున లాగాడు. దూరం రెట్టింపైతే 500 మీటర్ల సమయానికి 5 సెకన్లు కలపాలని రోయర్లు వాడే లెక్క ఒకటుంది. దాన్ని తిరగేస్తే రెండున్నర రెట్లు తక్కువ దూరానికి సుమారు ఆరున్నర సెకన్లు తగ్గుతాయి. అలా 500కు 1:53.5, మొత్తం 7:34 వస్తుందని కాగితం మీద వేసి చూపించాడు. తాత చదవని లెక్క, కానీ తాత లెక్కే.

పక్క యంత్రం మీది కుర్రాడు మొదటి 500ను 1:45లో లాగేశాడు. యంత్రం ఇప్పటి వేగాన్నే చివరిదాకా సాగదీసి ముగింపు సమయం చూపిస్తుంది, అలుపు దానికి తెలియదు. మావాడు ఆ తెర వైపు చూడలేదు. 1:54, 1:55, 1:55. చివరి 500లో ఉన్నదంతా పెట్టి 1:49. మొత్తం 7:33. పక్కవాడు మూడో 500లోనే చతికిలబడ్డాడు.

పత్తి అమ్మే రైతు ధర వినగానే డబ్బు లెక్కపెట్టుకోడు, ముందు తరుగు తీసేసి చూసుకుంటాడు. బండైనా, యంత్రమైనా అంచనా అలాగే వేయాలి. మొదటి ఐదు నిమిషాల జోరు ఎవరికైనా కనిపిస్తుంది. ఆ జోరు ఐదు నిమిషాలకు ఎంతెంత తరుగుతుందో తన జత విషయంలో తెలిసినవాడే ముందుగా అంకె చెప్పగలడు, ఆ అంకెను చేరుకోనూ గలడు. అది తెలియాలంటే ఏడాది పొడుగునా ఆ జత వెంట నడవాలి. మామ నడిచాడు.