కందుల మిల్లులో కంపెనీ చట్టం

తాండూరు దాటి నాపరాళ్ల గనులు వెనకబడగానే నల్లరేగడి మొదలవుతుంది. సెప్టెంబరు నెలాఖరు. రోడ్డుకు రెండు పక్కలా కంది చేలు నడుమెత్తు పెరిగి ఉన్నాయి. ఈ ప్రాంతపు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పప్పును తామే మరపట్టి అమ్ముకోవడానికి ఇక్కడి రైతులు పెట్టుకున్న కంపెనీకి ఆ రోజు వార్షిక సర్వసభ్య సమావేశం. కంపెనీల చట్టాన్ని పుస్తకాల్లోనూ తీర్పుల్లోనూ చదువుతూ వచ్చిన నాకు, అది ఒక పల్లెలో రైతుల చేతిలో ఎలా నడుస్తుందో చూడాలని ఎప్పటినుంచో కోరిక.

ఊరి చివర రేకుల షెడ్డు. గోడకు పసుపురంగు వేసి, నల్లటి పెద్ద అక్షరాలతో కంపెనీ పేరూ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా రాయించారు. పైన తెలుగు, కింద ఇంగ్లీషు. కంపెనీ తన పేరును వ్యాపారం జరిగే ప్రతిచోటా బయటికి కనిపించేలా రాయాలి. ఆ ప్రాంతంలో వాడే లిపిలో కూడా రాయాలి. 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ చెప్పేది ఇదే. మహానగరంలోని అద్దాల మేడల మీద తెలుగు బోర్డు కోసం వెతుక్కోవాలి. ఇక్కడ మాత్రం బస్సు దిగిన ఎవరికైనా అది ఎవరి మిల్లో అల్లంత దూరం నుంచే తెలుస్తుంది.

సభకు ఇంకా రెండు గంటల టైముంది. సీఈవో అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన కుర్రవాడు. నన్ను ముందు మిల్లులోకి తీసుకెళ్లాడు. జల్లెడ యంత్రం ఊగుతూ రాళ్లను, తాలు గింజలను వేరుచేస్తోంది. అక్కడినుంచి గింజలు రోలర్ల మధ్యకు పోతాయి. అవి కందిమీది పొట్టును అక్కడక్కడా గీరి వదులుతాయి. తర్వాత కొద్దిగా నూనె పట్టించి, కుప్పపోసి, రాత్రంతా మగ్గనిచ్చి, ఎండబెట్టి, అప్పుడు పప్పు పగలగొడతారు. ఇద్దరు ఆడవాళ్లు చేటల్లో మిగిలిన రాళ్లు ఏరుతున్నారు. వంద కిలోల కందులు పోస్తే మంచి పప్పు డెబ్బై, డెబ్బై అయిదు కిలోలు వస్తుంది. మిగిలినదాంట్లో నూక, పొట్టు. వాటిని పశువుల దాణాకు అమ్ముతారు. గోడవారగా పేర్చిన నూక బస్తాలను నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. సాయంత్రం సభ అంతా వాటి చుట్టూనే తిరిగింది.

ఆఫీసు గదిలో ఇనుప బీరువా, కంప్యూటరు, గోడమీద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. బిల్లు పుస్తకం తెరిస్తే ప్రతి బిల్లు తలమీద 21 స్థానాల గుర్తింపు సంఖ్య. మొదటి అక్షరం షేర్లు స్టాక్ మార్కెట్‌లో ఉన్నాయో లేదో చెబుతుంది. ఆ తర్వాత అయిదంకెలు వ్యాపారం ఏ రకమో, రెండక్షరాలు ఏ రాష్ట్రమో, నాలుగంకెలు పుట్టిన సంవత్సరం, మూడక్షరాలు కంపెనీ తరగతి, చివరి ఆరంకెలు రిజిస్ట్రేషన్ నంబరు. ఈ కంపెనీది 2016. దేశంలో అతి పెద్ద కంపెనీకి ఎలాంటి సంఖ్య ఉంటుందో ఈ కందుల మిల్లుకూ అలాంటిదే ఉంది. చట్టం ముందు రెండూ ఒకే పుస్తకంలోని పేర్లు.

చైర్మన్ అరవై దాటిన మనిషి. తొలిరోజుల సంగతి ఆయనే చెప్పాడు. "పది మంది రైతులుంటే సాలు, కంపెనీ పెట్టుకోవచ్చన్నరు సార్. పదిమంది ఒక్క పూటల దొరికిండ్రు. ఆఫీసు అడ్రసు కాడనే ఆగిపోయినం." అడ్రసుకు రుజువుగా రెండు నెలల లోపు కరెంటు బిల్లు కావాలి. ఆఫీసు పెట్టాలనుకున్న ఇంటి మీటరు ఎప్పుడో పోయిన తాత పేరుమీద ఉంది. మన పల్లెల్లో సగం మీటర్లు అలాగే ఉంటాయి. వారసుల సంతకాలు, పంచాయతీ కాగితాలు పోగయ్యేసరికి నెలలు పట్టింది. ఊరి అమ్మవారి పేరు పెట్టుకుందామంటే ఆ పేరుతో అప్పటికే కంపెనీ ఉందని తిప్పి పంపారు. కంపెనీ పేర్లన్నీ ఒక్కచోట, హర్యానాలోని మానేసర్‌లో ఉన్న కేంద్ర రిజిస్ట్రేషన్ కార్యాలయంలో పరిశీలిస్తారు. అమ్మవారి పేరు ముందు ఊరి పేరు చేరిస్తే రెండోసారి ఒప్పుకున్నారు.

సహకార సంఘంగా ఎందుకు పెట్టుకోలేదని అడిగాను. ఆయన తడుముకోలేదు. "సింగిల్ విండోల డైరెక్టరుగ జేసిన నేను. గెలిసినంక కూడ పర్సన్ ఇన్‌చార్జిని దెచ్చి కూసోబెడితే ఇంటికి వొయ్యిన. మళ్ల గదే కావాల్నా?" 1964 నాటి సహకార చట్టం కింద ఎన్నికైన పాలకవర్గాన్ని తొలగించే అధికారం ప్రభుత్వం చేతిలో ఉంది. ఆ బాధ పడలేకే 1995లో ఉమ్మడి రాష్ట్రంలో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. దేశమంతటికీ పనికొచ్చే దారి కోసం ఆర్థికవేత్త వై.కె. అలఘ్ అధ్యక్షతన వేసిన కమిటీ మరో ఉపాయం చెప్పింది. సహకార సంఘం సూత్రాలను కంపెనీ చట్టంలోకే తెచ్చి, రైతులకు, చేనేతకారులకు, పాడి రైతులకు ఉత్పత్తిదారుల కంపెనీ అనే ప్రత్యేక రకం ఏర్పాటు చేయమన్నది ఆ సూచన. 1956 చట్టానికి సవరణగా 2003 ఫిబ్రవరిలో అది అమల్లోకి వచ్చింది. 2013లో కొత్త చట్టం వచ్చినా ఈ ఒక్క భాగాన్ని పాత చట్టంలోనే బతికించి ఉంచారు. 2020 సవరణతో అది కొత్త చట్టంలో 21ఏ అధ్యాయంగా చేరింది.

నా దృష్టిలో మన ఆర్థిక చట్టాల్లో ఇంత మంచి ఆలోచన అరుదు. మామూలు కంపెనీలో ఎన్ని షేర్లుంటే అన్ని ఓట్లు. ఇక్కడ సభ్యులందరూ వ్యక్తులైతే మనిషికి ఒకే ఓటు. వంద బస్తాల కందులు పోసే మోతుబరికీ, రెండు బస్తాలు పోసే కౌలురైతుకూ చేతులెత్తే దగ్గర తేడా లేదు. షేరును సంతలో సరుకులా అమ్ముకోవడానికి వీల్లేదు. బోర్డు ఒప్పుకుంటే, కంపెనీతో లావాదేవీ ఉన్న మరో సభ్యుడికి ముఖవిలువకే బదిలీ చేయాలి. బయటి పెట్టుబడిదారు వచ్చి మిల్లును కొనేసుకుపోయే దారి లేకుండా చట్టం ఇలా కట్టడి చేసింది. లాభం కూడా షేర్లను బట్టి కాక, ఎవరు ఎంత పంట తెచ్చి పోశారన్న లెక్కన బోనస్‌గా పంచుకోవచ్చు. సభ్యుడు చేరిన మూడు నెలల్లో నామినీ పేరు ఇవ్వాలి. సభ్యుల రిజిస్టరు తిరగేస్తే నామినీ గడిలో భార్య పేర్లు, కోడళ్ల పేర్లు, ఒకచోట మనవరాలి పేరు. పట్టాదారు పాసుపుస్తకంలో చోటు దొరకని చాలామంది ఆడవాళ్లు ఈ రిజిస్టరులో ఉన్నారు. కొందరు సభ్యులుగా, కొందరు నామినీలుగా. ఒక పేజీలో వరసగా ఏడు వేలిముద్రలు. సిరా చెదరకుండా ఒక్కోదాని పక్కన పేరు రాసి, సాక్షి సంతకం పెట్టించారు.

అదే బీరువాలోంచి సీఈవో ఒక స్టీలు టిఫిను డబ్బా తీశాడు. అందులో పెన్‌డ్రైవుల్లాంటి డిజిటల్ సంతకం టోకెన్లు. ఒక్కోదానికీ దారంతో చీటీ కట్టి డైరెక్టరు పేరు రాశారు. మనిషి ఊళ్లోనే ఉన్నా ఆ టోకెను గడువు తీరితే చట్టం దృష్టిలో ఆయన సంతకం చెల్లదు. కొన్నాళ్ల కిందట కంపెనీని ముంచబోయింది ఈ కాగితాల పనే. రిటర్నులు వేసిపెడతానని డబ్బు తీసుకున్న కన్సల్టెంటు ఒకాయన 2019లో ఫోనెత్తడం మానేశాడు. లెక్కల పత్రం, వార్షిక రిటర్ను రెండూ ఆగిపోయాయి. 2018 జూలై నుంచి ఒక్కో ఫారానికి ఆలస్యమైన రోజుకు వంద రూపాయల అదనపు రుసుము. రెండు ఫారాలకు రోజుకు రెండు వందలు. ఏడాదికి 73 వేలు. మిల్లు ఆడినా ఆడకపోయినా, వాన కురిసినా కురవకపోయినా అది పెరుగుతూనే ఉంటుంది. వరసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు అయిదేళ్లపాటు ఏ కంపెనీలోనూ ఆ పదవికి పనికిరారు. 2017లో రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు రిజిస్టరులోంచి కొట్టేసినప్పుడు మూడు లక్షలకు పైగా డైరెక్టర్లు అలాగే అనర్హులయ్యారు. అదృష్టం, 2020లో కరోనా వేళ కేంద్రం అదనపు రుసుము లేకుండా పాత పత్రాలు దాఖలు చేసుకునే పథకం పెట్టింది. దాంతో వీళ్లు గట్టెక్కారు.

డొల్ల కంపెనీలను ఏరేయాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు. నల్లధనం తిప్పడానికి కాగితం మీద పుట్టే కంపెనీకీ, కందులు పగలగొట్టి పొట్ట పోసుకునే ఈ కంపెనీకీ ఒకే రోజువారీ రుసుము వేయడం మాత్రం న్యాయం కాదు. 2019లో ప్రభుత్వం పాత కంపెనీలన్నింటినీ ఆఫీసు ఫొటోలు పంపమంది. భవనం బయటి భాగం, లోపల కూర్చున్న డైరెక్టరు, రెండూ కనిపించాలి. వీళ్లు పంపిన ఫొటోలో చైర్మన్ వెనక కందుల బస్తాలు నేలనుంచి కప్పుదాకా ఉన్నాయి. కంపెనీ నిజంగా ఉందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అలాంటి కంపెనీకి ఫారం మాత్రం తెలుగులో దొరకదు, ఆడిటరు కోసమో కంపెనీ సెక్రటరీ కోసమో పట్నం వెళ్లాలి. బోర్డు తెలుగులో ఉండాలన్న చట్టం ఫారం తెలుగులో ఇవ్వడానికి ఎందుకు వెనకాడుతుంది? ప్రతి జిల్లా కేంద్రంలో ఉత్పత్తిదారుల కంపెనీల దాఖలు పనులు చూసే ఒక మనిషిని ప్రభుత్వమే పెట్టాలి. ఆ ఒక్క జీతం ఎన్ని మిల్లులను నిలబెడుతుందో ఈ టిఫిను డబ్బా చూసిన వాళ్లకు అర్థమవుతుంది.

మూడు గంటలకు జనం రావడం మొదలైంది. సభ్యులు 640 మంది. నాలుగోవంతు, అంటే 160 మంది ఉంటేగానీ కోరం లేదు. రిజిస్టరు దగ్గర సంతకాలు, వేలిముద్రలు లెక్కపెడుతూ ఒక అమ్మాయి కూర్చుంది. సంఖ్య 160 దాటగానే మైకులో చెప్పింది. కొందరు చప్పట్లు కొట్టారు. అజెండా, ఆడిట్ అయిన ఆస్తి అప్పుల పట్టిక, లాభనష్టాల ఖాతా అన్నీ పద్నాలుగు రోజుల ముందే సభ్యులకు అందాలని చట్టం. ఇక్కడ వాటిని తెలుగులో జిరాక్సు తీయించి పంచారు.

ఆడిటరు గబగబా చదువుకుంటూ పోతుండగా మూడో వరసలోంచి ఒకావిడ లేచింది. చేతిలో జిరాక్సు కాగితం, దానిమీద పెన్సిలు గీత.

"అన్నా, పప్పు అమ్మిన పైసలు ఈడ రాసిండ్రు. మరి నూక, పొట్టు పైసలు ఏడ రాసిండ్రు?"

ఆడిటరు "ఇతర ఆదాయం" అన్న వరుస చూపించాడు.

"ఇతరం అంటే? గోనె సంచులు అమ్మినయి గూడ అండ్లనే ఉన్నయా?"

ఉన్నాయి. తుక్కు ఇనుమూ అందులోనే ఉంది. లెక్కలో తప్పేమీ లేదని, ఈ పద్ధతి ఖాతాలకు సరిపోతుందని ఆడిటరు వివరించాడు. ఆమె కూర్చోలేదు. "తప్పని నేనన్లే అన్నా. నేను పోసిన కందులల్ల నూకెంత వొయ్యిందో నాకు దెల్వాలె. ఎక్కువ వోతే మిషిన్ల కథేందో సూడాలె." ఆ మాటతో సభ వేడెక్కింది. రోలర్లు అరిగిపోయాయని ఒకరు, కందులు సరిగా ఆరకుండా తెస్తున్నారని మరొకరు. అరగంటపాటు నూక శాతం గురించే వాదించుకున్నారు. ఎన్నో పెద్ద కంపెనీల వార్షిక సమావేశాల సంగతులు చదివాను గానీ, లెక్కల కాగితాన్ని ఇంత శ్రద్ధగా చదివిన వాటాదారు గురించి నేను వినలేదు. ఆమెకున్న వాటా అతి చిన్నది. ఆమె ఓటు చైర్మన్ ఓటుతో సమానం.

మిగులు డబ్బు దగ్గర కూడా తేలిగ్గా తెగలేదు. రంగుమారిన గింజలను ఏరే సార్టెక్స్ యంత్రం కోసం దాచుదామని కుర్రాళ్లు, బోనస్ పంచమని పెద్దవాళ్లు. ప్రతి సంవత్సరం సాధారణ నిధికి కొంత వేయడం చట్టరీత్యా తప్పదు కనుక ముందు అది తీసి, మిగిలినదాంట్లో సగం యంత్రానికి, సగం బోనస్‌కు అని చేతులెత్తి తేల్చారు. ఆడిటరు నియామకానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

వచ్చే ఏడాది నుంచి నూక, పొట్టు రాబడి లెక్కల్లో వేర్వేరు వరుసల్లో చూపాలని, నెలనెలా నూక శాతం మిల్లు గోడమీద రాయాలని మినిట్సులో తీర్మానం రాశారు. ఆమె మళ్లీ ఒకసారి చదివించుకుని తలూపింది. ఈ సభ కార్యకలాపాల వివరాలు, లెక్కలతో సహా, అరవై రోజుల్లో రిజిస్ట్రారుకు చేరాలి. చైర్మన్ టోకెను గడువు ఆదివారంతో తీరిపోతుందని సీఈవో గుర్తుచేశాడు. చైర్మన్ ఆధారు, పాన్ కార్డులు జేబులోంచి తీసి, వీడియో వెరిఫికేషన్‌కు వెలుతురు బాగుండాలంటూ బస్తాల పక్కనుంచి వాకిట్లోకి నడిచాడు. ఫోను పట్టుకోవడానికి నూక సంగతి అడిగిన ఆవిడ కొడుకును పిలిచారు.