కోట కట్టిందెవరు?

హైదరాబాద్ నుంచి వస్తూ భూత్పూర్ దగ్గర హైవే వదిలేసి నాగర్‌కర్నూల్ రోడ్డు పట్టుకుంటే కాసేపటికి బిజినేపల్లి వస్తుంది. చౌరస్తాలో మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ బస్సులు ఆగుతాయి. మిర్చి బజ్జీల బండి, ఎరువుల దుకాణం, సెల్‌ఫోన్ల షాపు, టీ హోటల్. పర్యాటకులు దిగే ఊరు కాదు. ఇక్కడ దిగేవాళ్లు ఇంటికి పోయేవాళ్లు, లేదంటే ఇంకో బస్సు ఎక్కాల్సినవాళ్లు. నేను మొదటి రకం. నెలకోసారి బ్యాగులో లాప్‌టాప్, దాంట్లో సగం రాసిన నవల పెట్టుకొని దిగుతాను.

ఆ నవల సంగతి చెప్పాలి. అది ఫాంటసీ. మూడు చందమామలున్న లోకం, ఏడు రాజ్యాలు, మేఘాలను తాకే ఒక కొండకోట. నాలుగేళ్లుగా రాస్తున్నా. దానికో మ్యాప్ కూడా గీసుకున్నా. హాస్టల్లో రాత్రంతా మేలుకొని ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చూసిన బ్యాచ్ మాది. మార్వెల్ సినిమాల్లో ఏ మణి ఎవరి దగ్గరుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

పోయిన సంక్రాంతికి ఇంట్లో కూర్చుని రాస్తుంటే నాయిన పక్కన మంచమ్మీద కూర్చున్నాడు.

“రాత్రిపూట గంత ఏం రాస్తున్నవ్‌రా?”

కథంతా చెప్పాను. బీడీ ఆరిపోయినా పట్టించుకోకుండా విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

“అంత ఎత్తున కోట ఉందంటివి గదా. ఎవరు కట్టిండ్రు?”

“రాజు కట్టించిండు నాయినా.”

“కట్టిచ్చినోని సంగతి గాదురా, కట్టినోళ్లు. అంత ఎత్తుకు నీళ్లేడికెళ్లి తెచ్చిండ్రు? రాత్రి యాడ పండిండ్రు?”

నా దగ్గర జవాబు లేదు. నాలుగు వందల పేజీల్లో యుద్ధాలున్నాయి, మంత్రాలున్నాయి, మూడు వంశాల చరిత్ర ఉంది. తట్ట మోసిన మనిషి ఒక్కడూ లేడు. నాయిన ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. ఆయన ఇరవై ఏళ్లు పాలమూరు లేబర్. గుంపుమేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని, అమ్మను వెంటబెట్టుకొని, నన్ను అవ్వ దగ్గర వదిలేసి పోయేవాడు. కాలువలు, కట్టలు, చెరువులు. దేశంలో ఎక్కడ మట్టిపని ఉంటే అక్కడ మా జిల్లావాళ్లు ఉండేవాళ్లని చెప్పుకునే రోజులవి.

మర్నాడు శనివారం. మనసు బాగోలేక బండి తీసి నందివడ్డెమాన్ పోయాను. మా మండలంలోని ఊరే. అక్కడి శనేశ్వరాలయానికి శనివారాలు జనం బాగా వస్తారు. గుడి దగ్గర గాలంతా నువ్వుల నూనె వాసన. ఈ ఊరి పాత పేరు వర్ధమానపురం అంటారు. కాకతీయుల సామంతులైన గోన వంశం వాళ్లు ఇక్కడి నుంచే ఏలారు. 2015లో ‘రుద్రమదేవి’ సినిమాలో అల్లు అర్జున్ గోన గన్నారెడ్డిగా గుర్రం మీదొచ్చి మన యాసలో మాట్లాడితే విజిల్ వేసినవాళ్లలో నేనూ ఉన్నా. అడివి బాపిరాజు ఆ పేరుతో నవలే రాశారు. కానీ ఆ వీరుడి వంశం ఊరు మా పక్కదేనని అప్పుడు నాకు తెలియదు. తెరమీద రాజ్యాలను వెతుక్కున్నంతగా బండిమీద పోయొచ్చే ఊళ్లను వెతకలేదు.

ఆ గోన వంశంలోని వాడే బుద్ధారెడ్డి. 13వ శతాబ్దంలో రంగనాథ రామాయణం చెప్పిన కవి. మొదటి ఆరు కాండలు ఆయనవి. ఉత్తరకాండ ఆయన కొడుకులు పూర్తిచేశారు. మొత్తం ద్విపదలో నడుస్తుంది. రెండేసి పాదాలు, పాడుకోడానికి వీలైన ఛందస్సు. అందుకే పండితుల దగ్గరే ఆగిపోకుండా తోలుబొమ్మలాట తెర వెనక్కి కూడా చేరింది.

మా గీకుల భాషలో ‘కానన్’ అని ఒక మాట ఉంది. మూలకథలో ఉన్నది కానన్, అభిమానులు కలుపుకున్నది ఫ్యాన్ ఫిక్షన్. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఎక్కువ. వాల్మీకిని కానన్ అనుకుంటే, పర్ణశాల ముందు లక్ష్మణుడు గీసిన గీతలు అందులో లేవు. రంగనాథ రామాయణంలో ఉన్నాయి, అదీ ఏడు గీతలు! వారధి దగ్గరి ఉడుత కూడా వాల్మీకిలో లేదు. బుద్ధారెడ్డి చోటిచ్చాడు. ఉడుతను ఆయనే కనిపెట్టాడని కాదు, అంతకుముందే తమిళ ఆళ్వార్ల పాటల్లో అది తిరుగుతోంది. కానీ ఇంతమంది వానర వీరులు కొండలు పెకలించి విసురుతున్న చోట, నీళ్లలో మునిగి, ఇసుకలో పొర్లి, ఆ నాలుగు రేణువులు రాళ్ల మధ్య దులిపే ప్రాణిని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆయనకు అనిపించింది. ఆయన రాజవంశం వాడు. ఏ మట్టిపని చూసి ఆ ఉడుతకు చోటిచ్చాడో ఎవరు చెప్పగలరు? నాకు మాత్రం ఆ గుడి మెట్ల మీద కూర్చుంటే, ఇసుక దులుపుతున్న ఉడుత బదులు తలమీద చుట్టకుదురుతో మా అమ్మ కనిపించింది.

సాయంత్రం నాయినను బండెక్కించుకొని వట్టెం వైపు తీసుకుపోయాను. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకంలో ఒక జలాశయం కడుతున్నది అక్కడే. గుట్టమీద వెంకన్న గుడి, కింద కనుచూపు మేర కట్ట. ఊళ్లెన్నో తిరిగి కట్టలు పోసినవాడు తన మండలంలో పోసిన కట్టను చూడ్డానికి చెప్పులు విడిచి ఎక్కాడు. మడమతో మట్టిని నొక్కి చూశాడు.

“మంచిగనే తొక్కిచ్చిండ్రు. అంత మిషన్లే. మా కాలంల గిది తట్టతోని పోసినం.” కాసేపాగి, “దీని కింద తండాలు పోయినయ్. అది గూడ రాయి,” అన్నాడు.

అక్కడే కూర్చుని ఫోన్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. పొద్దుగాల ఎన్నింటికి లేస్తారు, గుడిసెలు ఎక్కడ వేస్తారు, పిల్లలు ఏ చెట్టు కింద ఉంటారు, పైసలు కోస్తే మేస్త్రీతో ఎట్లా కొట్లాడతారు. ఆయన చెబుతూనే ఉన్నాడు. ఇన్నేళ్లలో ఇవి నేను అడిగిందీ లేదు, ఆయన చెప్పిందీ లేదు.

చీకటి పడుతుండగా లేచాం. బండి స్టార్ట్ చేస్తుంటే వెనకనుంచి అడిగాడు.

“మీ లోకంల మూడు చందమామలు అంటివి గదా?”

“అవ్ నాయినా.”

“అయితే కష్టమే. రాత్రి గూడ ఎలుగుంటది. మేస్త్రీ పని ఆపనియ్యడు.”

కోట అధ్యాయం మళ్లీ మొదటినుంచి రాస్తున్నా. ఆ వాక్యంతోనే మొదలుపెట్టాను.