దారి తప్పితేనేం, ఊళ్ళు దొరికాయి!

మన భాషలో ఒక తమాషా ఉంది, గమనించారా? ఒక మగాయన కొత్త ఊళ్ళో దారి తప్పాడంటే "పాపం, తెలియదేమో" అంటారు. అదే ఒక ఆడమనిషి దారి తప్పిందంటే మాత్రం వినేవాళ్ళు చెవులు కొరుక్కుంటారు! అంచేత చిన్నప్పట్నించీ మనకి నేర్పింది ఒకటే: తిన్నగా వెళ్ళు, తిన్నగా రా. బడికి, గుడికి, బజారుకి, పెళ్ళయ్యాక పుట్టింటికి. ఎక్కడికెళ్ళినా ఒక పనీ, ఒక వేళా ఉండాల్సిందే. ఎక్కడికో తెలియకుండా గడప దాటడమన్నది మన లెక్కలోనే లేదు.

నేను మాత్రం మూడేళ్ళుగా నెలకో ఆదివారం దారి తప్పుతూనే ఉన్నాను. కంగారు పడకండి, నాతో మావారే ఉంటారు! ఆయన మోటారు సైకిలు నడుపుతారు, నేను వెనక కూర్చుంటాను.

మాది తెనాలి. పిల్లలిద్దరూ చదువులకి హైదరాబాదు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. ఆదివారం వస్తే ఆయనకి పేపరు, నాకు టీవీ. ఇద్దరి మధ్యా మాటలు "అన్నం పెట్టేయనా", "పాలవాడికి డబ్బులిచ్చావా" వరకే. అలాంటి రోజుల్లో బాపట్లలో ఒక పెళ్ళికి బండి మీద వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు పొన్నూరు వైపు రోడ్డు పని జరుగుతోందని బళ్ళన్నీ పక్క డొంకలోకి మళ్ళించారు. ఆ డొంక వెళ్ళి కాలవగట్టు ఎక్కింది. గట్టు ఇంకో ఊళ్ళోకి తీసుకెళ్ళింది. ఆ ఊళ్ళోంచి మళ్ళీ ఇంకో గట్టు. పొద్దుండగా ఇంట్లో ఉండాల్సిన వాళ్ళం దీపాలు పెట్టాక చేరాం. పట్టుచీర నిండా దుమ్ము. చెప్పొద్దూ, ఆ పెళ్ళి భోజనం ఏం పెట్టారో గుర్తులేదు గానీ ఆ దారి మాత్రం బాగా గుర్తుంది. తర్వాతి ఆదివారం కాఫీ తాగుతూ ఆయనే అన్నారు, "మళ్ళీ తప్పిపోదామా?" అని.

మా వైపు దారి తప్పడం మహా తేలిక. కారణం నీళ్ళు. బెజవాడ దగ్గర కృష్ణకి 1852లో మొదలుపెట్టి 1855లో ఆనకట్ట కట్టారు. ఆ తర్వాతే మా ప్రాంతమంతా వరిపొలాలయింది. 1952లో ఆ పాత ఆనకట్టకి గండిపడింది. దాని బదులు 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కుడివైపున బయలుదేరిన పెద్ద కాలవ దుగ్గిరాల దగ్గర పాయలుగా చీలుతుంది. తెనాలి ఊరి మధ్యనుంచే మూడు కాలవలు పోతాయి. మా ఊరిని ఆంధ్రా ప్యారిస్ అని ముచ్చటగా పిలుచుకునేది ఈ కాలవల్ని చూసే.

పంటకాలవలు మెరక మీద పోతాయి, మురుగుకాలవలు పల్లంలో పోతాయి. మధ్యలో పొలాలు. దారులన్నీ ఈ గట్ల మీదే. అందుకని ఎదురుగా ఒక ఊరి గుడిగోపురం చేతికందేలా కనిపిస్తుంది, వెళ్దామంటే మధ్యలో మురుగుకాలవ అడ్డం. వంతెన ఎక్కడో మైలు అవతల. ఆ వంతెన వెతుక్కుంటూ వెళ్తే వేరే ఊళ్ళో తేలతాం! ఫోనులో దారిచెప్పే అమ్మాయి కూడా ఒక్కోసారి గట్టు మీదకి తీసుకెళ్ళి మొక్కజొన్న చేను ముందు నిలబెట్టి మాట్లాడకుండా ఊరుకుంటుంది.

అలా తప్పినప్పుడు ఏం దొరుకుతాయంటారా? ఒకసారి రేపల్లె వెళ్దామని బయలుదేరాం. 1916లో వేసిన తెనాలి - రేపల్లె రైలు లైను ఒకటుంది. దాన్ని పట్టుకుని పోతే సరిపోతుంది కదా అనుకున్నాం. వేమూరు దాటాక లైను ఎటో పోయింది, మేం ఎటో పోయాం. చివరికి భట్టిప్రోలు దిబ్బ దగ్గర తేలాం. మామూలు మట్టిదిబ్బ కాదండీ అది. రెండు వేల ఏళ్ళు దాటిన బౌద్ధస్తూపం. 1892లో అలెగ్జాండర్ రే అనే దొర తవ్విస్తే ధాతువులు దాచిన రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటి మీది అక్షరాలకి ఈ ఊరి పేరే పెట్టి భట్టిప్రోలు లిపి అంటారు. అంతకుముందే ఆ దిబ్బ రాళ్ళు చాలా వరకు రోడ్లకీ కాలవ కట్టడాలకీ వాడేశారట. మేం తిరిగిన గట్లలో ఎక్కడో ఆ రాయి ఉండే ఉంటుంది!

ఇంకోసారి అమృతలూరు, ఇంటూరు మీదుగా పోతూ చందోలు చేరాం. ఇప్పుడు చూస్తే మామూలు పల్లెటూరు. ఒకనాడు వెలనాటి చోడుల రాజధాని అది. చెరుకుపల్లి దగ్గర కావూరులో స్వామి సీతారాం పేరుతో అందరికీ తెలిసిన గొల్లపూడి సీతారామశాస్త్రి గారి వినయాశ్రమం ఉంది. ఆంధ్ర రాష్ట్రం కోసం 1951లో నిరాహార దీక్ష చేసిన మనిషి ఆయన. నిజాంపట్నం వెళ్తే చేపల పడవలు, చుట్టూ రొయ్యల చెరువులు. 1606లో డచ్చివాళ్ళు, 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు వ్యాపారానికి దిగింది ఈ రేవులోనే. ఇంటర్ చదివేటప్పుడు ఇలాంటి సంవత్సరాలు బట్టీపట్టలేక ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఒక్కటీ మర్చిపోను. చూసింది మర్చిపోం కదా!

అన్నట్టు, 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీశాక బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాకి వెళ్ళాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. గట్టు మీద వెళ్ళేవాళ్ళకి ఆ సంగతేమీ తెలియదు. రెండు వైపులా అదే వరి, అవే కొంగలు.

దారి అడగడం మా బండి మీద నా శాఖ. మగవాళ్ళు చస్తే అడగరు, మీకు తెలియంది కాదు! నేనే దిగి అడుగుతాను. "తిన్నగా పోయి రావిచెట్టు కాడ ఎడంచేతికి తిరగండమ్మా, చప్టా వస్తది, చప్టా దాటబాకండి" అంటారు. చెప్పినాక ఊరుకుంటారా? "ఎవరింటికమ్మా?" అని అడుగుతారు. ఎవరింటికీ కాదంటే ఎవరికీ నమ్మకం కుదరదు.

మొన్న సంక్రాంతి వెళ్ళిన వారం ఒక గట్టు మీద తేగలమ్ముతున్న మామ్మ కూడా అదే అడిగింది.

"ఎవరింటికమ్మాయ్?"

"ఎవరింటికీ కాదు మామ్మా. ఊరికే చూస్తూ పోతున్నాం."

"ఊరికేనా? ఊరికే ఎవరన్నా వస్తారా ఈ ఊరు?" అని నవ్వింది. నేను పక్కన కూర్చుని తేగ ఒలుచుకుంటుంటే మురుగుకాలవ అవతల ఉన్న ఊరు చూపించింది. "అదే నా పుట్టిల్లు. నేను కాపరానికొచ్చిన కొత్తల్లో ఈ కాలవకి వంతెన లేదు. మా అమ్మ పొయ్యి రాజేస్తే ఆ పొగ నాకు ఇక్కడికి అగుపడేది. ఎల్లాలంటే చుట్టూ తిరిగి పూటంతా నడవాల. మా అత్త పంపేది కాదు. ఇప్పుడు వంతెన కట్టారు. ఎల్లొచ్చు. ఎవరున్నారమ్మా అక్కడ?"

ఎన్నాళ్ళయింది వెళ్ళి అని అడిగితే వేళ్ళు లెక్కపెట్టి మానేసింది. మావారు అప్పటిదాకా బండికి ఆనుకుని నిలబడి ఉన్నారు. "ఎక్కు మామ్మా, నేను తీసుకెళ్ళి తీసుకొస్తా" అన్నారు. ఆమె ససేమిరా అంది, సిగ్గుపడింది, బేరం పోతుందంది. బేరం నేను చూసుకుంటానన్నాను. నా హెల్మెట్ ఆమె తలకి పెట్టి ఎక్కించాం. వాళ్ళు వంతెన వైపు వెళ్తుంటే తేగల గంప ముందు నేను కూర్చున్నాను. ముప్పావుగంటలో రెండు కట్టలు అమ్మాను కూడా!

తిరిగొచ్చాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇల్లు లేదమ్మా, పడగొట్టి మేడేశారు. బావి మాత్రం అట్టాగే ఉంది. చేదుకుని తాగొచ్చా" అంది. తేగలకి డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆ మాట నన్ను వదల్లేదు. మా అమ్మ రేపల్లె దగ్గర పల్లెలో ఉంటుంది. నాకు వంతెనలూ ఉన్నాయి, బండీ ఉంది, అమ్మా ఉంది. అయినా పండగో, జ్వరమో, శుభలేఖో ఉంటే తప్ప ఎన్నడు వెళ్ళాను గనక? ఆ పై ఆదివారం బండి అటు తిప్పమన్నాను. గుమ్మంలో మమ్మల్ని చూసి అమ్మ ముఖం పాలిపోయింది. "ఏమైందే?" అంది. ఏమీ కాలేదమ్మా, ఊరికే వచ్చామంటే నమ్మడానికి పావుగంట పట్టింది. నమ్మాక ఆవిరికుడుముకి పప్పు నానబోసింది.

ఇంకొక్క సంగతి చెప్పాలి. బండి మీద ముందు కూర్చున్న మనిషికి మన ముఖం కనపడదు. ముఖం కనపడకపోతే మగవాళ్ళకి మాట్లాడటం తేలిక కాబోలు. బాపట్లలో 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల ఉంది. మనం వండుకునే సాంబ మసూరి, అదే బీపీటీ 5204, 1986లో విడుదలైంది బాపట్ల పరిశోధన కేంద్రం నుంచే. పేరులో బీపీటీ అంటే బాపట్లే. ఒకసారి ఆ కాలేజీ ముందు నుంచి పోతుంటే మావారు వేగం తగ్గించి, "ఇక్కడ చదవాలనుకున్నా. నాన్న పోయారుగా, కొట్లో కూర్చోవాల్సొచ్చింది" అన్నారు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. నేను ఏమీ అనలేదు, భుజం మీద చెయ్యి వేశానంతే. ఆ రోజు సూర్యలంక సముద్రం దాకా, ఆ తొమ్మిది కిలోమీటర్లూ ఆయన మాట్లాడుతూనే ఉన్నారు.

మీరూ వెళ్ళాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు చెప్తాను.

హెల్మెట్లు ఇద్దరికీ ఉండాలి. చీరైతే పైటకొంగు నడుం చుట్టూ తిప్పి గట్టిగా దోపుకోవాలి, చున్నీ అయితే వెనక ముడివేయాలి. కొంగు చక్రంలో పడితే ప్రాణం మీదికొస్తుంది. రోడ్డు మీద వడ్లు, మినుములు ఆరబోసి ఉంటే నెమ్మదిగా పక్కనుంచి పోనివ్వాలి. బండి జారుతుంది, పైగా అది ఒకరి ఏడాది కష్టం. మంచినీళ్ళ సీసా, పాత తుండుగుడ్డ, చిల్లర డబ్బులు సంచిలో ఉంచుకోండి. మినప సున్నుండలో, పులిహోరో కట్టుకుంటే మధ్యాహ్నానికి వెతుక్కోనక్కర్లేదు. పెట్రోలు ముందే పోయించుకోండి. వర్షాకాలంలో నల్లరేగడి గట్లు ఎక్కకండి, చక్రాలకి మట్టి చుట్టుకుని బండి కదలదు. పొద్దుగుంకే ముందే పెద్ద రోడ్డు చేరాలి.

మరీ దిక్కు తెలియకపోతే పంటకాలవ చూడండి. నీళ్ళు పారే వైపు వెళ్తే సముద్రం వైపు, బాపట్ల, రేపల్లె దిక్కుగా. నీళ్ళకి ఎదురు వెళ్తే తెనాలి, దుగ్గిరాల వైపు. కాలవలు కట్టేసిన వేసవిలో మాత్రం మనుషుల్నే అడగాలి. అడగండి, మొహమాటపడకండి.

మీది కోనసీమ కావచ్చు, కరీంనగర్ కావచ్చు. బండి లేకపోతే పల్లె బస్సుంది, ఎక్కి ఆఖరి ఊరి దాకా టిక్కెట్టు తీసుకోండి. ఎవరింటికమ్మా అని అడిగితే "ఊరికే" అని చెప్పండి. రెండుసార్లు చెప్పాక మీకే అలవాటవుతుంది.