వాడుకకొచ్చే జ్ఞాపకం

విదేశాలకు వెళ్ళివచ్చే వాళ్ళందరికీ చివరి రెండు రోజుల్లో ఒకటే బెంగ పట్టుకుంటుంది: ఇంటికి ఏం పట్టుకెళ్ళాలి? చాక్లెట్లు తెస్తే వారంలో అయిపోతాయి. ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మలు తెస్తే ఆర్నెల్లకు ఊడి కింద పడతాయి. అందమైన గాజు సామాను షోకేసులో దుమ్ము పట్టి, దసరాకు ఒకసారి తుడిపించుకుంటుంది. ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి కాబట్టి, ఏ ఖర్చు ముందుకు వచ్చినా ‘ఇది ఎన్నాళ్ళు అక్కరకొస్తుంది?’ అని అడగటం నాకు అలవాటైపోయింది.

మా అమ్మాయీ అల్లుడూ స్టాక్‌హోంలో ఉంటారు. కిందటి జూన్‌లో నేనూ మా ఆవిడా అక్కడ మూడు వారాలున్నాం. రాత్రి పది దాటినా వెలుతురు తగ్గని రోజులవి. వెళ్ళకముందే ఒక వస్తువు మాత్రం నిశ్చయించుకున్నాను: బరంపురంలో ఉన్న మా అన్నయ్యకు ఒక కత్తి. మా నాన్నగారు అక్కడ చిన్న వడ్రంగి దుకాణం నడిపేవారు. ఆ పని అన్నయ్య అందుకున్నాడు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరాను. నాలుగేళ్ళ కిందట తాతలనాటి ఇల్లు పంచుకున్నాం. అప్పటినుంచి మా ఇద్దరి మధ్య మాటలు కాస్త పొదుపుగానే సాగుతున్నాయి.

నా ఆలోచన వినగానే మా ఆవిడ, “ఏమండీ, అసలే పంపకాలైన అన్నదమ్ములు. చేతికి కత్తి ఇస్తే బావగారు ఏమనుకుంటారు? తెగతెంపులన్నట్టు ఉండదూ?” అంది. తోసిపుచ్చదగ్గ మాట కాదు. దాని సంగతి తరువాత చెబుతాను. ముందు కత్తుల విషయం.

స్టాక్‌హోంకు వాయవ్యంగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, సిల్యాన్ అనే పెద్ద సరస్సు ఒడ్డున మోరా అనే ఊరుంది. రైల్లో నాలుగు గంటల ప్రయాణం. దారి పొడుగునా దేవదారు, భూర్జ వృక్షాల అడవులు. కోట్ల ఏళ్ళ కిందట ఆకాశంనుంచి పెద్ద ఉల్క పడి ఏర్పడిన వలయాకారపు పల్లంలో ఉంది ఆ సరస్సు. ఏటా మార్చి నెలలో మంచుమీద 90 కిలోమీటర్లు స్కీలతో సాగే వాసలొప్పెత్ పందెం ఈ ఊళ్ళోనే ముగుస్తుంది. 1922లో మొదలైన పందెం అది. ప్రసిద్ధ చిత్రకారుడు ఆండెర్స్ సోర్న్ (1860-1920) ఊరు కూడా ఇదే. ఆయన బొమ్మల మ్యూజియం తప్పక చూడవలసింది.

మోరాకు దగ్గరలోనే ఓస్ట్‌నూర్ అనే పల్లె ఉంది. వెనకటికి అక్కడి వాళ్ళు గడియారాలకూ లోహపు పనికీ పేరు పడ్డారు. 1891లో ఫ్రోస్ట్ ఎరిక్ ఎర్సన్ అనే ఆయన అమెరికానుంచి తిరిగివచ్చి, అడవిలో కలప లాగే మంచుబండ్లు చేసే కార్ఖానా పెట్టాడు. బండ్లతోపాటు కత్తులూ చేశాడు. కొన్నాళ్ళకు బండ్లు పోయి కత్తులు నిలిచాయి. 1912లో ఎరిక్సన్ కుటుంబం వారి కార్ఖానా మొదలైంది. 2005లో రెండూ ఒకటయ్యాయి. ఇప్పుడు ‘మోరాక్నీవ్’ అన్న పేరుతో లోకమంతా అమ్ముడవుతున్న కత్తులు వీరివే.

మోరా కత్తి చూడటానికి చాలా సాదా వస్తువు. ఎర్రరంగు పూసిన భూర్జ చెక్క పిడి, నడుమ కాస్త ఉబ్బి పీపాలాగా ఉంటుంది. సుమారు నాలుగు అంగుళాల అలుగు. నగిషీ ఏమీ ఉండదు. దాని గొప్పంతా వాదరలో ఉంది. మన వంటింటి చాకులకు అంచున సన్నగా పదును పెడతారు. దీనికి అలుగు సగంనుంచి అంచుదాకా రెండు వైపులా వెడల్పుగా, చదునుగా ఏటవాలు తీస్తారు. ఆ ఏటవాలును సానరాయిమీద పూర్తిగా ఆనించి రుద్దితే చాలు, కోణం దానంతట అదే కుదురుతుంది. కొత్తవాడైనా పదును పెట్టుకోవచ్చు. కొన్ని రకాల్లో గట్టి ఉక్కును మధ్యన పెట్టి, ఇరువైపులా మెత్తటి ఉక్కును అతుకుతారు. అంచు గట్టిగా నిలుస్తుంది, అలుగు పుటుక్కున విరగదు.

ఫిన్లండ్‌లో ఇలాంటి కత్తినే ‘పూక్కో’ అంటారు. వారి భాషలో ‘పూ’ అంటే చెక్క. రోవనియెమి ఊళ్ళో 1928లో మొదలైన మార్తీని వారి పూక్కోలు పేరున్నవి. అక్కడ ఎవరికైనా పూక్కో బహూకరించడం గౌరవ సూచన. ఉత్తరాన రెయిన్‌డీర్లను మేపుకునే సామీ జాతివారు ఆ జంతువు కొమ్ముతో పిడీ ఒరా చేసి, వాటిమీద సన్నని గీతలతో చెక్కడం చేస్తారు. చూస్తే కళ్ళు తిప్పుకోలేం గానీ ధర ఎక్కువ, పనికి పెట్టాలంటే మనసొప్పదు. పైగా కొమ్ముతో చేసిన వస్తువు కొనేముందు మన కస్టమ్స్ నిబంధనలు కనుక్కోవడం మంచిది. సాదా మోరా కత్తి ఖరీదు మాత్రం అక్కడి మామూలు హోటల్లో ఇద్దరి భోజనానికి మించదు. నేను అదే తీసుకున్నాను.

అక్కడి బళ్ళలో చేతిపని తప్పనిసరి పాఠం. దాన్ని ‘స్లోయిద్’ అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ చదువుకు రూపు దిద్దిన ఒట్టో సాలమన్ అనే ఉపాధ్యాయుడు, పిల్లల చేతికి మొదట ఇవ్వవలసిన పనిముట్టు కత్తేనన్నాడు. ఆ ప్రాంతానికే పేరు తెచ్చిన ఎర్రటి దాలా గుర్రం బొమ్మలు కూడా పూర్వం చలికాలపు రాత్రుల్లో పొయ్యిల దగ్గర కూర్చుని కత్తితో చెక్కినవే. మన కొండపల్లి పొణికి చెక్క బొమ్మలు జ్ఞాపకం వచ్చాయి.

కొనదలచిన వారికి రెండు మూడు మాటలు. కార్బన్ ఉక్కు అలుగు పదును బాగా నిలుపుకుంటుంది గానీ తడి తగిలితే తుప్పు పడుతుంది. తుడిచి, నూనె రాయాలి. అంత ఓపిక లేనివారు స్టెయిన్‌లెస్ రకం తీసుకోవచ్చు. స్వీడన్‌లో 1988 నాటి చట్టం ప్రకారం తగిన కారణం లేకుండా బహిరంగ స్థలాల్లో కత్తి దగ్గర పెట్టుకోవడం నేరం. దుకాణం వారు కట్టి ఇచ్చిన పొట్లం విప్పకుండా నేరుగా ఇంటికి తెచ్చుకోండి. విమానంలో చేతిసంచిలో పెట్టకూడదు. ఒరలోనే ఉంచి, గుడ్డ చుట్టి, సామానులో వేసే పెద్ద పెట్టెలో సర్దాలి.

ఇక మా ఆవిడ సందేహానికి జవాబు అమ్మాయి వాళ్ళ పొరుగింటి పెద్దావిడ చెప్పింది. ఐరోపాలో చాలాచోట్ల ఇదే నమ్మకముందట. కత్తి బహుమతిగా ఇస్తే స్నేహం తెగుతుందని, పుచ్చుకునే వారు ఒక చిన్న నాణెం ఇస్తారు. అప్పుడది కానుక కాదు, కొనుగోలు. బ్యాంకు ఉద్యోగికి ఇంతకంటే నచ్చే పరిహారం ఏముంటుంది?

బరంపురం వెళ్ళి కత్తి అన్నయ్య ముందు పెట్టాను. ఆయన ఏమీ అనలేదు. ఒరనుంచి తీసి, గోటిమీద ఆనించి పదును చూశాడు. పిడి పట్టుకుని చేతిలో నాలుగుసార్లు తిప్పాడు. “ఏట్రా ఇది, ఇంత తేలిగ్గా ఉంది!” అన్నాడు. నేను నాణెం సంగతి చెప్పి చెయ్యి చాపాను. కాసేపు నా మొహంలోకి చూసి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టాడు. “రసీదు ఇవ్వవురా?” అన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ వదిన నవ్వేసింది. ఇల్లు పంచుకున్నాక ఆ ఇంట్లో మేమంతా కలిసి నవ్వడం అదే మొదలు.

ఇప్పుడు పది రోజులకోసారి అన్నయ్య ఫోను చేస్తున్నాడు. మొదట కత్తి గురించే. కొబ్బరినూనె రాస్తే తుప్పు రావడం లేదని ఒకసారి, సానరాయి మార్చానని ఇంకోసారి. మొన్న మాత్రం మనవడికి చెక్క గుర్రం చెక్కుతున్నానని, సంక్రాంతికి అందరూ వస్తే చూద్దురు గానీ అని చెప్పి ఫోను పెట్టేశాడు. టిక్కెట్లు తీసుకున్నాను.