పాత ఇంజనుకు ఎంత ఖర్చు పెట్టవచ్చు?

పాత వస్తువుల మీద మమకారం మధ్యతరగతివాడికి సులువుగా పుడుతుంది. ఆ వస్తువుతో ఒకప్పుడు పనిచేసినవాడు వేరు, ఇప్పుడు దానిని చూసి మురిసేవాడు వేరు. రోకలి పట్టి దంచిన మనిషి ఎవరూ రోకలిని తెచ్చి ముందు గదిలో అలంకారంగా నిలబెట్టుకోరు. ఈ సంగతి తరగతిలో చాలాసార్లు చెప్పాను. చెప్పడానికేం? మా ఇంట్లో ఉన్న ఒక పాత కారు ఇంజనుకు 1,40,000 రూపాయల మరమ్మతు అవసరమని విజయవాడ ఆటోనగర్ మేస్త్రీ ఒకాయన లెక్కకట్టి చెప్పేసరికి, ఈ సిద్ధాంతాన్ని నా జేబు మీద ప్రయోగించి చూడవలసి వచ్చింది. అది నా రెండున్నర నెలల జీతం. నేను కాంట్రాక్టు లెక్చరరును గనుక, ఏ నెల జీతం ఆ నెలలోనే వస్తుందన్న భరోసా లేని రెండున్నర నెలలు.

కారు స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1961లో దీని తయారీ మొదలుపెట్టింది. ఆ రోజుల్లో మన దేశంలో కారు కొనదలచినవాడికి హిందుస్థాన్, ప్రీమియర్, స్టాండర్డ్ అనే మూడు కంపెనీలే దిక్కు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి వంతు కోసం కాచుకోవాలి. అంబాసిడర్, ఫియట్ సంసారుల కార్లు. రెండు తలుపుల హెరాల్డ్ మాత్రం పొట్టిగా, నేలకు దగ్గరగా, కాస్త పొగరుగా ఉండేది. ఆ పొగరుకు కారణం లేకపోలేదు. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన హెరాల్డ్‌కు ఇది మద్రాసు రూపం. దాని ఆకారం గీసింది మికెలోటి అనే ఇటాలియను. 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చినప్పుడు, హెరాల్డ్ చట్రాన్నే కురచ చేసి దాని మీద కట్టింది. ఇంజను వంశం కూడా ఒకటే. 1953లో 803 సీసీతో పుట్టిన ఆ ఇంజను పెరిగి పెరిగి చివరికి స్పిట్‌ఫైర్‌లో 1,493 సీసీ అయింది. మన హెరాల్డ్‌లో ఉన్నది 948 సీసీ. స్పోర్ట్స్ కారుకు బీద చుట్టమన్న మాట. మా వీధి పిల్లలు మాత్రం రేసు కారు అనేవాళ్లు.

ఈ వంశానికి ఒక వంశపారంపర్యపు జబ్బు కూడా ఉంది. క్రాంకు షాఫ్టు మూడు బేరింగుల మీద తిరుగుతుంది. అది ఉన్నచోట తిరగాలే కాని ముందుకూ వెనక్కూ జరగకూడదు. జరగకుండా ఆపడానికి వెనక బేరింగు దగ్గర అర్ధచంద్రాకారంలో రెండు చిన్న రేకులుంటాయి. థ్రస్టు వాషర్లంటారు. క్లచ్చి తొక్కినప్పుడల్లా ఆ తోపుడంతా వాటి మీద పడుతుంది. ఊళ్లో సిగ్నలు సిగ్నలుకూ క్లచ్చి తొక్కి పట్టుకుని నిలబడే బతుకులో అవి అరుగుతాయి. అరిగి అరిగి ఒకనాడు చోటు విడిచి కింద ఆయిలు చాంబరులో పడిపోతాయి. అప్పటికీ కారు నడుస్తూనే ఉంటుంది! అదే ప్రమాదం. నడుస్తున్నంతసేపూ ఉక్కు క్రాంకు పోత ఇనుప బ్లాకును రాపాడి తినేస్తూ ఉంటుంది.

కనిపెట్టడం తేలిక. హెరాల్డ్ బానెట్టు మడ్‌గార్డులతో సహా ముందుకు ఒరుగుతుంది; ముందు చక్రం మీద కూర్చుని ఇంజనులోకి చూడవచ్చు. మేస్త్రీ అలా కూర్చుని, నన్ను క్లచ్చి తొక్కమన్నాడు. తొక్కాను. మళ్లీ తొక్కమన్నాడు. నేను దిగి వచ్చాక, తన కుర్రాణ్ని ఎక్కించి తొక్కించి, ముందున్న పుల్లీని నా చేత చూపించాడు. వెంట్రుక వాసి కదలవలసినది కంటికి తెలిసేట్టు రెండు మిల్లీమీటర్లు ముందుకు వచ్చి వెనక్కు పోయింది.

"రేకులు పడిపోయినయ్యి మాస్టారూ. బ్లాకు ఎంత తిన్నదో విప్పితేగాని చెప్పలేను" అన్నాడు.

విప్పిన తరువాత ఇచ్చిన లెక్క ఇది. క్రాంకు గ్రైండింగుకు, బ్లాకు లేతు పనికి 22,000. పిస్టన్లు, బేరింగులు, థ్రస్టు వాషర్లు, వాల్వు గైడ్లు, గాస్కెట్లు, రవాణా, సుంకం కలిపి 78,000. క్లచ్చి ప్లేటు, ఆయిలు, చిల్లర ఖర్చులు 12,000. మేస్త్రీ కూలి 28,000. సామాను మద్రాసు నుంచి కాదు, ఇంగ్లండు నుంచి రావాలి. మద్రాసు కంపెనీ హెరాల్డ్ తరువాత గెజెల్ అనే కారు 1977 దాకా చేసి, 1985లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారు తెచ్చి, దానితోనే మునిగింది. ఇంగ్లండులో మాత్రం స్పిట్‌ఫైర్‌ను ముద్దు చేసుకునేవాళ్లు ఉన్నారు గనుక, ఆ ఇంజనుకు కావలసిన సామాను నేటికీ తయారవుతూంది. మన దగ్గర పనిముట్టుగా బతికిన యంత్రానికి ప్రాణవాయువు, అక్కడ దానిని ఆటవస్తువుగా పెంచుకునేవాళ్ల దయవల్ల దొరుకుతూంది! సామ్రాజ్యవాదం మీద వ్యాసం రాయడానికి ఇది చాలదుగాని, నవ్వుకోవడానికి చాలు.

ఇంతలో ఒక బేరం వచ్చింది. జాతీయ రహదారి పక్కన హోటలు కడుతున్న ఒకాయన రెండు లక్షలిస్తానన్నాడు. కారును హోటలు ముందు అరుగు కట్టి నిలబెడతాడట. "ఇంజను అక్కర్లేదండీ. తీసేసుకున్నా ఫర్వాలేదు" అని ఉదారంగా చెప్పాడు. నడవని కారుకు రెండు లక్షలు. నడిపించాలంటే మన చేతినుంచే లక్షా నలభై వేలు. ఇందులోని తర్కం నన్ను చాలా రోజులు పీడించింది.

మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో (1867) యంత్రం విలువ ఎట్లా తరుగుతుందో చర్చించాడు. వాడితే అరుగుతుంది, వాడకపోతే తుప్పు పడుతుంది, ఈ రెండూ కాక అంతకంటే మేలైనదో చౌకైనదో మరో యంత్రం వస్తే దీని విలువ పడిపోతుంది. నా హెరాల్డ్ ఈ మూడు తరుగుదలలూ చూసింది. అంతా తరిగి, తుక్కు ఇనుము కింద తూకానికి పోవలసిన దశ దాటిన తరువాత దాని ధర మళ్లీ పైకి లేచింది. అయితే ఒక షరతు: అది ఇక పనిచేయకూడదు. వినియోగపు విలువ చచ్చిన చోట అలంకారపు విలువ మొలిచింది.

మన చట్టం కూడా హోటలాయనతో ఏకీభవిస్తూంది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కారును వింటేజి వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. కాని దానిని రోజువారీ పనులకు గాని వ్యాపారానికి గాని వాడకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకూ మరమ్మతుకూ మాత్రమే రోడ్డెక్కాలి. అట్లా కాదు, మామూలు కారుగానే ఉంచుకుంటానంటే అయిదేళ్లకొకసారి ఫిట్‌నెస్ పరీక్ష; 20 ఏళ్లు దాటిన కారుకు ఆ నమోదు రుసుమును 2025 ఆగస్టులో 10,000 చేశారు. పొగ సంగతి ఉంది గనుక పాత బండ్ల మీద అదుపు ఉండాలనడాన్ని నేను కాదనను. కాని పని మానేస్తే గౌరవం, పని చేస్తే జరిమానా అనే ఏర్పాటులో ఒక వర్గం అభిరుచి కనబడడం లేదూ?

బాగు చేయించాలనుకునేవాడికి వాదనలు కరువు కావు. మా తాతగారు కృష్ణా జిల్లాలో వైద్యం చేసేవారు. 1968 నాటి ఈ కారును ఆయన 1974లో సెకండుహాండులో కొన్నారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత ఇందులో మందులు వేసుకుని రోడ్డు ఉన్నంత మేరా వెళ్లి, అక్కడినుంచి నడిచారట. మా ఇంట్లో ఈ కథ చెప్పనివాళ్లు లేరు. మరమ్మతు మాట వచ్చిన ప్రతిసారీ ఈ కథ దానంతటదే నా నోటికి వస్తూండడం గమనించాను. కాని ఆ గొప్ప కారుది కాదు, మనిషిది. ఆయన దగ్గర ఎడ్లబండి ఉంటే ఎడ్లబండి మీదే వెళ్లి ఉండేవారు. ఉప్పెనలో పోయిన వేలమంది పేరు చెప్పి నా పిస్టన్లకు డబ్బు రాబట్టడం బాగుండదు.

మా ఆవిడ ఇంకా సూటిగా అడిగింది. ఆమె స్కూలు టీచరు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం గనుక, నయాపైసా ఖర్చు లేకుండా స్కూలుకు వెళ్లివస్తూంది. "నువ్వు కాలేజీకి బస్సులోనే వెళ్తున్నావు. బాగుచేశాక కూడా బస్సులోనే వెళ్తావు. మరి ఈ ఖర్చు దేనికో చెప్పు. నీకు ఇష్టమైతే ఇష్టమని చెప్పు, ఊరుకుంటాను. శ్రమ, సంస్కృతి అని మాత్రం చెప్పకు" అంది.

శ్రమ అనే మాట నేను ఎత్తబోతున్నట్టు ఆమెకు ఎట్లా తెలిసిందో! నిజానికి ఆ మాటను పూర్తిగా వదులుకోవడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు. ఆ మేస్త్రీ పని చేస్తుండగా నాలుగు ఆదివారాలు చూశాను. క్రాంకును వేలి గోటితో గీరి, ఎన్ని వేలవ వంతులు పోయిందో చెప్పి, తరువాత మైక్రోమీటరు పెట్టేవాడు. ఆయన కొడుకు ఒక కంపెనీ సర్వీసు సెంటరులో పనిచేస్తున్నాడు. అక్కడ యంత్రం తగిలిస్తే తెరమీద జబ్బు పేరు వస్తుంది. భాగం తీసి భాగం వేస్తారు. తండ్రికి తెలిసిన విద్య కొడుక్కు రాదు, అవసరమూ లేదు. అయితే కొడుక్కు ప్రావిడెంటు ఫండు ఉంది. తండ్రికి అరవయ్యేళ్లు దాటినా నడుము వంగే దాకా బల్ల కింద పడుకోవడమే ఉంది. నేతపని మీద కన్నీరు కార్చే వ్యాసాలు మగ్గం గుంటలో కూర్చునేవాడి కాళ్ల సంగతి ఎత్తవు. ఆయన నైపుణ్యాన్ని కాపాడే భారం నా ఒక్క ఇంజను మోస్తుందనుకోవడం కూడా అటువంటి కన్నీరే. ఒక సంగతి మాత్రం అంకెల్లో ఉంది: 1,40,000లో చేతిపనికి దక్కేది అయిదో వంతు. మిత్రులు "కూలి దగ్గర బేరమాడు" అని సలహా ఇచ్చారు. ఇంగ్లండు కంపెనీతో బేరమాడమని ఒక్కరూ అనలేదు.

పాత సాహిత్యాన్ని ఏం చేయాలన్నది 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది లగాయతు మనవాళ్లు వాదించుకుంటున్న ప్రశ్న. తగలబెట్టమన్నవాళ్లూ, తలకెత్తుకోమన్నవాళ్లూ ఎటూ ఉంటారు. ప్రబంధాలు పాఠం చెప్పి బతుకుతున్నవాణ్ని గనుక, నాకు మధ్యదారి అవసరం. చదివితే అది సాహిత్యం, బీరువాలో పెట్టి దండ వేస్తే అది హోటలు ముందు కారు. ఈ పోలికను ఇంతకంటే లాగితే తెగుతుంది. ప్రబంధం పొగ వదలదు.

చివరకు హోటలాయనకు ఇవ్వలేదు. వింటేజి నమోదుకూ వెళ్లలేదు. మా ఆవిడతో, ఇష్టమనే చెప్పాను. చెప్పాక ఖర్చు గురించి మాట్లాడుకోవడం తేలికయింది. విలాసానికి ఒక హద్దు గీయవచ్చు, ఆదర్శానికి గీయలేము. లక్ష దాటకూడదన్నది ఇద్దరం కలిసి పెట్టుకున్న హద్దు. ఆ మాట మేస్త్రీతో అంటే ఆయన ముఖం చిన్నబోయింది.

"ఇంజను విప్పాక సగం పని చేయడం నా చేత కాదు మాస్టారూ."

"కూలి తగ్గించమనడం లేదు మేస్త్రీగారూ. విప్పడమూ బిగించడమూ ఎట్లాగూ ఒకటే. సామానులో ఏది ఆగగలదో మీరే చెప్పండి."

ఆయన జవాబు చెప్పలేదు. బోర్లు మరోసారి కొలిచాడు. కొలిచి, పాత పిస్టన్లకే కొత్త రింగులు వేస్తే కొన్నేళ్లు లాగుతాయని, వాల్వు గైడ్ల కోసం ఆయిలు కాస్త తాగినా సర్దుకోవాలని, క్రాంకు, బేరింగులు, రేకుల దగ్గర మాత్రం తన మాటే చెల్లాలని అన్నాడు. సామాను 30,000కు దిగింది. మొత్తం 92,000. క్రాంకు గ్రైండింగుకు వెళ్లింది. రేకులు ఇంగ్లండు నుంచి వచ్చేలోగా అరిగిన బ్లాకు ముఖాన్ని లేతు మీద సమం చేయిస్తాడట. ఎంత తీయాలో, దానికి ఎంత మందం రేకు కావాలో తన కుర్రాడి చేత ఒక సిగరెట్టు పెట్టె అట్ట మీద రాయించి నాకు ఇచ్చాడు.