విమానములు వీడిన బేగంపేట

హైదరాబాదు బేగంపేటనుండి ప్రయాణికుల విమానములు 2008లో శంషాబాదునకుఁ దరలినవి. పూర్వము విమానము పోవునంతవఱకు మాట నోటనే నిలుపుకొని కూర్చుండెడివారమని అచ్చటి అవ్వగారొకరు మాతోఁ జెప్పిరి.

జర్మనీలోని మ్యూనిక్ నగరమునను 1992లో నిట్లే పాత విమానాశ్రయమును మూసి, క్రొత్తది వేఱొకచోటఁ దెఱచిరి. శాస్త్రజ్ఞులు రెండు తావుల పిల్లలను బరీక్షించిరి. క్రొత్తదాని చెంతనున్నవారికి, నేర్చినది జ్ఞప్తియందుంచుకొను శక్తియుఁ జదువును సన్నగిల్లినవి. పాతదాని చెంతవారికి మరల మెఱుగుపడినవి. చెడినది తిరిగి బాగుపడునన్న మాట తల్లులకెంత యూఱట!

బేగంపేటలో నిశ్శబ్దము నిలిచినదనుకొనరాదు. మోటారు హారన్లు సరేసరి. 2017నుండి మెట్రో రైలును వచ్చినది. మేము విడిసిన యింటివారు చిన్నదాని చదువుబల్లను వీథికిటికీ కడనుండి పెరటిగదికి మార్చుకొనిరి. అచ్చటికిఁ గుక్కరు కూఁత తప్ప వేఱేదియు వినరాదు.